అప్‌డేట్: ఏసీ రూము వాడి కరెంటు బిల్లు పంచాయితీ

మొన్న అడిగాను కదా, నెల్లూరు దర్గామిట్టలో నలుగురం ఇల్లు తీసుకున్నాం, ఏసీ ఒక్కడి రూములోనే ఉంది, బిల్లు మాత్రం నాలుగు భాగాలేంది అని. ఏసీకి విడిగా సబ్ మీటర్ పెట్టమన్నారు మీరు, పెట్టించాం, ఓనర్ అంకుల్ కూడా ఏమన్లేదు. నెల తిరిగేసరికి మొత్తం 310 యూనిట్లు, అందులో ఏసీవే 170. మళ్ళీ అక్కడో కిరికిరి, వాడు సగటు రేటు వేసుకుని 965 ఇస్తానంటాడు, అదెట్టా కుదురుద్దబ్బా, మనకి స్లాబులు కదా, 225 దాటితే యూనిట్ 8.75, ఏసీ లేకపోతే మేం 140 దగ్గర 6 రూపాయల స్లాబులోనే ఆగిపోతాం. కాగితం మీద వేసి చూపించా, 140కి 507, 310కి 1761, మధ్యలో తేడా 1254 నీదేరా అని. ఆ 507, ఫిక్స్‌డ్ చార్జీ, ట్రూ అప్ (పాత ఖర్చుల సర్దుబాటు) అవీ నలుగురికీ సమానం. కాసేపు మూతి ముడుచుకున్నాడు గానీ రాత్రికి ఫోన్‌పే కొట్టాడు (పది రూపాయలు తగ్గించి, వాడి బుద్ధి అది). పాలు, నీళ్ళ క్యాన్లు ఎప్పట్లాగే. గ్యాస్ బండ సంగతి మాత్రం తేలలా, ఒకడు రోజూ మెస్‌లోనే తింటాడు, టీ మాత్రం మూడుసార్లు పెట్టుకుంటాడు, వాడి దగ్గర ఎంత తీసుకోవాలో చెప్పండి.