గన్నవరం–బేగంపేట, చిన్న విమానం సెస్నా 172లో నలుగురు: అరగంట రిజర్వు చాలదా?

కొండపల్లి_బొమ్మ: ఖాళీ బరువు 760 కేజీలున్న 172ఎస్ అనుకుందాం. గరిష్ఠ టేకాఫ్ బరువు 1157. తలా 80 కేజీల చొప్పున నలుగురు ఎక్కితే ఫ్యూయల్‌కి మిగిలేది 77 కేజీలు, అంటే 107 లీటర్లు. దూరం సుమారు 145 నాటికల్ మైళ్లు. పగటి విఎఫ్ఆర్‌కి (నేలను కళ్లతో చూసుకుంటూ ఎగరడానికి) అరగంట రిజర్వు, అంటే దిగేసరికి ట్యాంకులో మిగలాల్సిన ఫ్యూయల్, చాలంటాను.

పటమట_పంకా: ఆషాఢంలో పడమటి గాలి 20 నాట్లు (గంటకి 20 నాటికల్ మైళ్లు) ఎదురొస్తే విమానం వేగం 110 కాస్తా 90 అవుతుందండీ. గంటా 37 నిమిషాలు, గంటకి 34 లెక్కన 55 లీటర్లు. టాక్సీకి, క్లైంబుకి ఇంకో 10. అరగంట కలిపితే 82, గంట కలిపితే 99. రెండూ 107లో పడుతున్నాయిగా, పిసినారితనం దేనికి?

మిర్చియార్డు: ఆ 107 దేంతో కొలిచారు?

కొండపల్లి_బొమ్మ: గేజి ఉందిగా మాస్టారూ.

మిర్చియార్డు: గేజినా! ట్యాంకు మూతి కిందున్న ట్యాబ్ (గుర్తు రేకు) అడుగుదాకా పోస్తే రెండు ట్యాంకులూ కలిపి 35 గ్యాలన్లు, 132 లీటర్లు. 107 అంతకంటే దిగువన. కంటికి ఆనవాలుండదు. విమానాన్ని సమనేల మీద పెట్టి డిప్‌స్టిక్ (కొలత పుల్ల) ముంచాలి. ఒక రెక్క వాలి ఉంటే ఆ కొలతా తప్పే.

బందరు_లడ్డు: చర్చ రిజర్వు గురించి కదా 🙂

మిర్చియార్డు: పోసిందెంతో తెలియకుండా రిజర్వేంటి?

పటమట_పంకా: ఒక్కో ట్యాంకులో 5 గ్యాలన్లకి దిగి నిమిషం దాటితే లో ఫ్యూయల్ దీపం వెలుగుతుంది. రెండు వైపులా కలిపి 38 లీటర్లు, గంట పైచిలుకు. గంట రిజర్వు పెట్టుకున్నవాడికి ఆ దీపం దిగేముందు కనిపిస్తే కనిపిస్తుంది. అరగంటవాడు దాన్ని చూస్తూనే ఎగరాలి. అలవాటైన హెచ్చరిక హెచ్చరికే కాదు.

కొండపల్లి_బొమ్మ: మరీ తక్కువైతే కోదాడ దగ్గర ఏ పొలంలోనో దింపొచ్చు. అంతా చదునే.

పటమట_పంకా: గాలి నాట్లే కాదు, వరి నాట్లూ తెలియాలి బాబూ. అది సాగర్ ఎడమ కాలువ ఆయకట్టు. దమ్ము చేసిన మడిలో ముందు చక్రం దిగబడితే విమానం పల్టీ కొడుతుంది. దింపక తప్పకపోతే ఇంజిన్ నడుస్తుండగానే దింపాలి. 20 డిగ్రీల ఫ్లాప్స్ (రెక్క వెనక కిందికి దిగే పలకలు), 65 నాట్లతో ఒకసారి పైనుంచి చూడాలి. తీగలు కనపడవు, స్తంభాలు వెతకాలి. తర్వాత పూర్తి ఫ్లాప్స్, 62 నాట్లు, గట్టుకి అడ్డంగా కాకుండా గట్టు వెంబడి. నేల తాకకముందే తలుపుల గడియ తీసి ఉంచాలి. ఇంజిన్ ఆగిందాకా చూస్తే 68 నాట్లతో జారడమే (గ్లైడ్), వెయ్యి అడుగుల ఎత్తుకి నాటికల్ మైలున్నర దూరం.

కొండపల్లి_బొమ్మ: భయపెట్టడం తప్ప మీరు చేసేదేముంది? చట్టం అరగంట అంది. ఆ అరగంట వాడుకోవడానికే కదా!

పటమట_పంకా: ఇప్పుడు బయటపడింది! వాడుకోవడానికి కాదు. ఇంకే ఆలస్యాన్నీ భరించలేనంటే కంట్రోలర్‌తో ‘మినిమమ్ ఫ్యూయల్’ అనాలి. దిగేసరికి ఆ అరగంటలో ఒక్క నిమిషం తగ్గుతుందని లెక్క తేలినా ‘మేడే ఫ్యూయల్’ (ఆపద పిలుపు) అనాలి. మీరు అంటారా?

కొండపల్లి_బొమ్మ: 28 నిముషాలు ట్యాంకులో ఉంటే మేడే ఏంటండీ, నవ్విపోతారు.

పటమట_పంకా: అందుకే మీకు గంట కావాలన్నాను.

మిర్చియార్డు: గంటైనా అరగంటైనా, ఆ డిప్‌స్టిక్ ఇంకో మోడల్, సెస్నా 152ది కాదుగా? పుల్ల మారితే లెక్కంతా మారుతుంది.