వర్డ్‌ప్రెస్: పేరెంట్ పేజీని బట్టి సైడ్‌బార్ మార్చడం ఎలా?

ప్రశ్న
వర్డ్‌ప్రెస్ (సైట్లు తయారుచేసే సాఫ్ట్‌వేర్)తో కట్టిన పంటల సైటు. క్లాసిక్ థీమ్ (పీహెచ్‌పీ ఫైళ్లతో నడిచే పాత తరహా థీమ్), దానికో చైల్డ్ థీమ్ (అసలు థీమ్‌ను ముట్టుకోకుండా మార్పులు రాసుకునేది). వరి, పత్తి, మిర్చి అన్నిటికంటే పై మెట్టు పేజీలు. వరి (ఐడీ 12) కింద తెగుళ్లు, దాని కింద అగ్గితెగులు, పొడతెగులు. వరి కింద ఏ పేజీ తెరిచినా వరి సైడ్‌బారే (పేజీ పక్కన వచ్చే పట్టీ) రావాలి. ఈజ్_పేజ్(12) అనే షరతు రాస్తే వరి పేజీలో తప్ప ఇంకెక్కడా రావట్లేదు. పోస్ట్_పేరెంట్ (పేరెంట్ పేజీ ఐడీ) 12 అన్న షరతు కలిపితే తెగుళ్లు పేజీకి వచ్చింది, అగ్గితెగులుకు రాలేదు. ఏం చేయాలండి?

జవాబు 1
ఈజ్_పేజ్ ఆ ఒక్క పేజీనే చూస్తుంది, పిల్ల పేజీల్ని పట్టించుకోదు. పోస్ట్_పేరెంట్ ఒక్క మెట్టే ఎక్కుతుంది. అగ్గితెగులుకు అది ఇచ్చేది తెగుళ్లు పేజీ ఐడీ, 12 కాదు.

మీకు కావాల్సింది గెట్_పోస్ట్_యాన్సెస్టర్స్ అనే ఫంక్షన్. పై పేజీల ఐడీలన్నీ వరుసగా ఇస్తుంది: దగ్గరి పేరెంట్ ముందు, అన్నిటికంటే పైది చివర. కాబట్టి చివరిది తీసుకోండి. వరి పేజీకే పైన ఏమీ లేదు గనక ఖాళీ అర్రే (జాబితా) వస్తుంది. అప్పుడు ఆ పేజీ సొంత ఐడీనే వాడాలి. ఇది మరిస్తే పిల్ల పేజీలన్నీ సరిగ్గా వచ్చి, వరి పేజీలో మాత్రం మామూలు సైడ్‌బార్ కనబడుతుంది.

చైల్డ్ థీమ్ ఫంక్షన్స్ ఫైల్లో విడ్జెట్స్_ఇనిట్ హుక్ (వర్డ్‌ప్రెస్ మన కోడ్‌ను పిలిచే చోటు) మీద పంటకొక రిజిస్టర్_సైడ్‌బార్ పెట్టండి. వాటి ఐడీలు "సైడ్-12" తరహాలో ఉంటే, సైడ్‌బార్ ఫైల్లో ఇఫ్‌ల మీద ఇఫ్‌లు అక్కర్లేదు. "సైడ్-"కి అన్నిటికంటే పై పేజీ ఐడీ తగిలించి, ఈజ్_యాక్టివ్_సైడ్‌బార్ (అందులో విడ్జెట్లు ఉన్నాయా అని చూసేది) అవునంటే డైనమిక్_సైడ్‌బార్‌తో అదే చూపించండి, లేదంటే మామూలుది. రేపు కంది చేరినా సైడ్‌బార్ ఫైలు ముట్టుకోనక్కర్లేదు.

జవాబు 2
పై జవాబు సరైనదే, కానీ పేజీ ఐడీని గ్లోబల్ పోస్ట్ (వర్డ్‌ప్రెస్ ప్రస్తుత పోస్టును ఉంచే వేరియబుల్) నుంచి తీయకండి. చాలా థీముల్లో సైడ్‌బార్ కంటెంట్ తర్వాత నడుస్తుంది. మధ్యలో ఎవరైనా కొత్త డబ్ల్యూపీ_క్వెరీ లూప్ తిప్పి డబ్ల్యూపీ_రీసెట్_పోస్ట్‌డేటా పిలవకపోతే, గ్లోబల్ పోస్ట్‌లో ఆ లూప్‌లోని ఆఖరి పోస్టే మిగులుతుంది. తెరిచిన పేజీ ఐడీనే ఇచ్చే గెట్_క్వెరీడ్_ఆబ్జెక్ట్_ఐడీ వాడితే ఆ గొడవ లేదు.

అయితే కేటగిరీ పేజీలో ఇదే ఫంక్షన్ కేటగిరీ ఐడీ ఇస్తుంది. అదీ 12 అయితే అక్కడ వరి సైడ్‌బార్ వచ్చి కూర్చుంటుంది! అందుకే మొత్తాన్నీ ఖాళీ ఈజ్_పేజ్() షరతు లోపల పెట్టండి.

ప్రశ్న అడిగినవారు
పనిచేసిందండీ, అగ్గితెగులుకు కూడా వచ్చింది. లైవ్ సైటులో ఐడీలు వేరు గనక స్లగ్‌తో (యూఆర్‌ఎల్‌లో వచ్చే పేజీ పేరు) పోల్చాలనుకున్నాను. "వరి"తో పోలిస్తే ఎప్పుడూ కాదంటోంది, స్పెల్లింగ్ సరిగ్గానే ఉంది.

జవాబు 2
తెలుగు స్లగ్ డేటాబేసులో తెలుగులో ఉండదు, పర్సెంట్ గుర్తుల కోడ్‌గా ఉంటుంది. "వరి"లో మూడు యూనికోడ్ గుర్తులు, ఒక్కోటి 3 బైట్లు, ఒక్కో బైటు 3 అక్షరాలు: మొత్తం 27. మీరు రాసిన తెలుగు దానితో ఎలా కలుస్తుంది? పోల్చే ముందు మీ "వరి"ని శానిటైజ్_టైటిల్ గుండా పంపండి, అదే రూపంలోకి వస్తుంది.

స్లగ్‌నే ఇంగ్లీషు అక్షరాల్లోకి మార్చడం రెండో దారి. కానీ వరి కింది పేజీలన్నిటి యూఆర్‌ఎల్ మారుతుంది. పోస్టులకు చేసినట్టు పేజీలకు వర్డ్‌ప్రెస్ పాత స్లగ్‌ను గుర్తుపెట్టుకోదు, 301 రీడైరెక్టులు (పాత యూఆర్‌ఎల్ నుంచి కొత్తదానికి శాశ్వత మళ్లింపులు) మీరే పెట్టాలి. ఇప్పటికే గూగుల్‌లో ఉన్న సైటైతే మొదటి దారే మేలు. విడ్జెట్ ఏరియా (అంటే సైడ్‌బార్) ఐడీ మాత్రం ఇంగ్లీషు చిన్న అక్షరాల్లోనే ఉంచి, ఏ స్లగ్‌కు ఏ ఐడీ అన్నది చిన్న అర్రేలో రాసుకోండి.