దొరికిన పాత ఎపిసోడ్ రీలు: ముందు మనమే కాపీ తీసుకోవాలా, నేరుగా ఆర్కైవ్‌కి ఇవ్వాలా?

పాతరీలు
పోయిందనుకున్న టీవీ ఎపిసోడ్ ఎక్కడైనా బయటపడితే డబ్బా మూత కూడా తీయకుండా ఆర్కైవ్‌కి పంపేయాలని మొన్న వేరే థ్రెడ్‌లో ఒకరు తేల్చేశారు. నేను ఒప్పుకోను. ముందు ఒక కాపీ, ఎంత నాసిరకంగా ఉన్నా సరే. అప్పగింత ఆ తర్వాతే.

జాస్ ఉదంతం చూడండి. నైజీరియాలోని జాస్‌లో ఒక టీవీ స్టేషన్‌లో, పోయిన కార్యక్రమాల కోసం వెతికే ఫిలిప్ మోరిస్, బీబీసీ సైన్స్ ఫిక్షన్ సీరియల్ 'డాక్టర్ హూ' రీళ్లు కనిపెట్టారు. 2013 అక్టోబరులో బీబీసీ ప్రకటించేసరికి, అంతదాకా లేవనుకున్న ఎపిసోడ్లు 9 చేతికొచ్చాయి. అందులోని 'ది వెబ్ ఆఫ్ ఫియర్' అనే కథ మూడో భాగం మాత్రం రాలేదు. తాను మొదట చూసినప్పుడు అది అక్కడే ఉందని, రీళ్లు బయటికొచ్చేలోపు మాయమైందని మోరిస్ చెప్పారు. ఆ రోజే ఫోనుతోనైనా తీసి ఉంటే ఇవాళ ఏదో ఒకటి మిగిలేది. పైగా ఈ కార్యక్రమాల టేపుల్ని అసలు చెరిపిందెవరు? ప్రసార సంస్థలే కదా. ఉన్న ఒక్క కాపీని మళ్లీ వాళ్ల చేతిలోనే పెట్టాలా?

ఫ్రేమ్25
ఫోనుతో తీయడమంటే ఎలాగండీ? 25 నిమిషాల ఎపిసోడ్, సెకనుకి 25 ఫ్రేములు, మొత్తం 37,500. 16 మిల్లీమీటర్ల వెడల్పున్న (16 ఎంఎం) ఫిల్మ్‌లో అడుగుకి 40 ఫ్రేములు కాబట్టి సుమారు 937 అడుగులు. ఫోనుతో పట్టాలంటే ప్రొజెక్టర్‌కి ఎక్కించాల్సిందే. కొంప మునిగేది అక్కడే.

ఎసిటేట్ అనే ప్లాస్టిక్‌తో చేసిన ఈ పాత ఫిల్మ్ వేడిలో, తేమలో ఏళ్లపాటు పడి ఉంటే కుంచించుకుపోతుంది. కొత్త 16 ఎంఎం ప్రింటులో అంచున ఉండే ఒక రంధ్రం నుంచి తర్వాతి రంధ్రానికి 7.62 మిల్లీమీటర్లు. రీలు మొదట్లో బొమ్మ లేకుండా ఉండే లీడర్ ముక్కని కాకుండా, అసలు బొమ్మ ఉన్న చోటు నుంచి కాస్త పరిచి, స్టీలు స్కేలుతో కొలవండి. మొదటి రంధ్రం పై అంచు నుంచి 101వ రంధ్రం పై అంచు దాకా 762 మిల్లీమీటర్లు రావాలి. 100వ రంధ్రం దగ్గరే ఆపేస్తే 754 చిల్లర వస్తుంది. నిక్షేపంలాంటి ఫిల్మ్ 1 శాతం కుంచించుకుపోయినట్టు కనిపిస్తుంది. చాలామంది చేసే పొరపాటు ఇదే.

సరిగ్గా లెక్కపెట్టాక కూడా 754 వచ్చిందంటే ప్రొజెక్టర్ మాటే ఎత్తొద్దు. ప్రొజెక్టర్‌లో ఫిల్మ్‌ని లాగే గోరు రంధ్రంలోకి సూటిగా దిగదు, అంచు చీల్చుకుంటూ పోతుంది. చప్పుడు మారి మీకు అనుమానం వచ్చేసరికే కొన్ని అడుగులు పాడైపోయి ఉంటాయి. ఇరుక్కుని ఆగిందా, బల్బు వేడికి ఆ ఫ్రేము కరిగి బుడగ కడుతుంది. ఒంటి కాపీని కాపాడబోయి ఒంటి కాపీనే తగలబెట్టుకున్నట్టు.

పాతరీలు
762 వస్తేనో? అప్పుడు అభ్యంతరం ఏంటి?

ఫ్రేమ్25
అప్పుడు కూడా అతుకులు ఉంటాయి. విదేశీ స్టేషన్లలో ప్రకటనల కోసం, సెన్సారు కోసం కోసి అతికించిన ప్రింట్లే ఎక్కువ. 1960ల నాటి సిమెంటు (ఫిల్మ్ జిగురు) అతుకు ఎండిపోయి ఉంటుంది, గీరితే ఊడుతుంది. ప్రతి అతుకునీ వేలితో తడిమి, ఊడినవి తిరిగి అతికించాకే ఏ యంత్రమైనా. ఆ పని తెలిసినవాళ్లు చేస్తామంటే నాకేం అడ్డులేదు. మామూలు సభ్యుడికి మాత్రం నేను చెప్పేది చేతి రీవైండరు, కింద లైటు పెట్టె, నైట్రైల్ గ్లవ్స్, అంతవరకే.

టేపుతల
మీరిద్దరూ ఫిల్మ్ దగ్గరే ఆగిపోయారు. ఇకమీదట దొరకబోయేవాటిలో ఎక్కువ భాగం ఇళ్లలో రికార్డు చేసిన వీహెచ్‌ఎస్, బీటామాక్స్ క్యాసెట్లే అని నా లెక్క. అమెరికాలో మేరియన్ స్టోక్స్ దశాబ్దాలపాటు వార్తలు రికార్డు చేస్తూ పోయారు. 2012లో ఆవిడ చనిపోయేనాటికి సుమారు 70 వేల క్యాసెట్లు పోగయ్యాయి. అన్నిటినీ ఏ ఆర్కైవ్ వెంటనే చూస్తుంది? క్యాసెట్ల విషయంలో నేను పాతరీలు గారి పక్షమే. మనమే తీయాలి, కాకపోతే సరిగ్గా తీయాలి.

పొరపాటున దాని మీద మళ్లీ రికార్డు కాకుండా, ముందు వీహెచ్‌ఎస్ క్యాసెట్ వెనక అంచున ఉన్న చిన్న ప్లాస్టిక్ రేకు విరిచేయండి. కిటికీలోంచి టేపు చుట్ట చూడండి. తెల్లటి పొడిలాంటి బూజు కనిపిస్తే ఆ క్యాసెట్ ప్లేయర్‌లో పెట్టొద్దు, బూజు హెడ్ డ్రమ్ముకి అంటి తర్వాత పెట్టే ప్రతి క్యాసెట్‌కీ పాకుతుంది. బూజు లేకపోతే ఒకసారి చివరిదాకా, మళ్లీ వెనక్కి చుట్టి బిగువు సరిచేసి, అప్పుడు ప్లే.

ప్లేయర్‌కీ, కంప్యూటర్‌లోకి వీడియో ఎక్కించే క్యాప్చర్ కార్డుకీ మధ్య టైమ్ బేస్ కరెక్టర్ (సిగ్నల్ వేగం తడబడకుండా సరిచేసే పరికరం) తప్పనిసరి. అది లేకపోతే పాత టేపులో సింక్ తడబడిన చోటల్లా కార్డు ఫ్రేములు వదిలేస్తుంది, పది నిమిషాలకల్లా మాట, పెదవి విడిపోతాయి. దాచేది 4:2:2 (రంగు వివరాలు ఎక్కువగా నిలిపే పద్ధతి)లో, నష్టం లేని ఎఫ్‌ఎఫ్‌వీ1 ఫార్మాట్‌లో. కుదింపు లేకుండా పాల్ (బ్రిటన్, ఇండియాల్లో వాడిన టీవీ ప్రమాణం) బొమ్మ గంటకి సుమారు 75 జీబీ, ఎఫ్‌ఎఫ్‌వీ1లో దాదాపు సగం. డీ-ఇంటర్‌లేస్ చేసి, అంటే సగం సగం బొమ్మల్ని ఒకటిగా కలిపేసి దాచొద్దు. స్టూడియో వీడియోలో సెకనుకి 50 ఫీల్డులు (సగం బొమ్మలు) ఉంటాయి, 25 ఫ్రేములుగా కలిపేస్తే సగం కదలిక పోయినట్టే, ఆ ఫైలు నుంచి మళ్లీ రాదు. ఓపిక ఉన్నవాళ్లు ప్లేయర్ హెడ్ల నుంచి వచ్చే ముడి (ఆర్‌ఎఫ్) సిగ్నల్‌నే నేరుగా పట్టి, తర్వాత సాఫ్ట్‌వేర్‌తో డీకోడ్ చేయొచ్చు. వీహెచ్‌ఎస్-డీకోడ్ అనే సాఫ్ట్‌వేర్ ఉన్నది అందుకే.

"టేపుని ఓవెన్‌లో కాల్చాలట కదా" అని అడగబోయేవాళ్లకి: అది బైండర్ (అయస్కాంత పొడిని టేపుకి అంటించే పూత) తేమ పీల్చి జిగురుగా మారిన 1970లు, 80ల నాటి కొన్ని రకాల టేపులకి. 50 నుంచి 55 డిగ్రీల దగ్గర గంటల తరబడి, ఉష్ణోగ్రత కచ్చితంగా నిలిపే యంత్రంలో. వంటింటి ఓవెన్ పది డిగ్రీలు అటూ ఇటూ ఊగుతుంది. ఎసిటేట్ టేపుకైతే అసలు చేయకూడదు.

చుక్కల_రంగు
ఫిల్మ్‌కి తిరిగొస్తాను. "నాసిరకం కాపీ అయినా చాలు" అన్న మాటే అసలు ప్రమాదం. రంగుల్లో తీసిన కార్యక్రమాన్ని నలుపు-తెలుపు ఫిల్మ్ మీదకి ఎక్కించేటప్పుడు, రంగు సిగ్నల్‌ని వడపోసే ఫిల్టర్ పెట్టకపోతే, ఆ 4.43 మెగాహెర్ట్జ్ పాల్ సిగ్నల్ బొమ్మ మీద సన్నటి చుక్కల అల్లికగా అచ్చయిపోతుంది. ఆ చుక్కల్లోంచే అసలు రంగు వెనక్కి రాబట్టారు. బీబీసీ హాస్య సీరియల్ 'డాడ్స్ ఆర్మీ'లో 'రూమ్ ఎట్ ద బాటమ్' ఎపిసోడ్ 2008లో అలా మళ్లీ రంగుల్లో ప్రసారమైంది.

ఇంటి స్కానర్ చేసేదేంటి? గ్రెయిన్ (ఫిల్మ్ మీది సహజమైన నలుసులు) తగ్గించు, షార్ప్ చేయి అన్న రెండు ఫిల్టర్లు మీరు అడక్కపోయినా వేసేస్తుంది. చుక్కలు గ్రెయిన్ అనుకుని తుడిచేస్తుంది. ఆ తర్వాత కలెక్టర్ "కాపీ ఉందిగా" అని రీలు ఎవరికో అమ్మేస్తాడు. కంటికి ఎపిసోడ్ దొరికినట్టే ఉంటుంది, రంగు మాత్రం రెండోసారి పోతుంది. నాసి కాపీ ఉండటం వల్ల అసలు రీలుకి విలువ తగ్గడం, అదీ నా భయం.

పాతరీలు
చుక్కల వాదన బలమైనదే, కానీ అది రంగుల్లో తీసిన వాటికే. నేను చెప్పేవి 1960ల నలుపు-తెలుపు కార్యక్రమాలు, వాటిలో చుక్కలెక్కడివి? నా ప్రశ్నకి ఇంకా జవాబు రాలేదు: చెరిపిన సంస్థని నమ్మడం ఎందుకు?

డబ్బా_చీటీ
"ఆర్కైవ్ చెరిపింది" అనడం సరికాదు. బీబీసీలో రెండంగుళాల వీడియో టేపులు ఖరీదైనవి, ప్రసారం అయ్యాక ఇంజనీరింగ్ విభాగం చెరిపి మళ్లీ వాడుకునేది. విదేశాలకి అమ్మే 16 ఎంఎం కాపీలు బీబీసీ ఎంటర్‌ప్రైజెస్ దగ్గర ఉండేవి, హక్కుల గడువు తీరినవి 1970లలో అక్కడ పారేశారు. ఫిల్మ్ లైబ్రరీ బాధ్యత ఫిల్మ్ మీద తీసినవాటి వరకే. ప్రతి విభాగమూ పక్క విభాగం దగ్గర కాపీ ఉందనుకుంది. అన్నీ దాచాల్సిన బాధ్యత ఒకరిదంటూ ఏర్పడింది 1970ల చివర్లో. ఈనాటి ఆర్కైవ్‌ని ఆనాటి స్టోరు గుమాస్తాతో కలిపి తిట్టడం న్యాయం కాదు.

చట్టం_అంచు
కలెక్టర్లు ఎందుకు ముందుకు రారో ఎవరూ చెప్పలేదు. రీలు మీదైనంత మాత్రాన కార్యక్రమం మీది కాదు. 1974లో నటుడు రాడీ మెక్‌డొవాల్ ఇంటి మీద ఎఫ్‌బీఐ దాడి చేసి సినిమా ప్రింట్లు పట్టుకెళ్లింది. బ్రిటన్‌లో హాస్యనటుడు బాబ్ మాంక్‌హౌస్ తన ఫిల్మ్ సేకరణ విషయంలో కోర్టులో విచారణ ఎదుర్కోవాల్సి వచ్చింది, 1979లో నిర్దోషిగా బయటపడ్డారు. ఆ భయం ఆ తరంలో ఇంకా ఉంది. 1967 నాటి మొదటి సూపర్ బౌల్ (అమెరికన్ ఫుట్‌బాల్ ఫైనల్) ప్రసారం టేపు ఒక ఇంటి అటక మీద దొరికినా, హక్కులు ఆ ఆట లీగ్ ఎన్‌ఎఫ్‌ఎల్‌వి కావడంతో అమ్ముకోవడం కుదరలేదు.

అందుకే ముందా తర్వాతా అన్నది నాకు రెండో ప్రశ్న. కాగితం మీద ఏం రాసుకున్నారన్నది మొదటిది. "దానం" అని రాయకండి, "కాపీ కోసం అరువు" అని రాయించుకోండి. అసలు రీలు ఎన్నాళ్లలో వెనక్కి రావాలి, కలెక్టర్‌కి ఏ ఫార్మాట్‌లో కాపీ ఇస్తారు, పేరు గుట్టుగా ఉంచుతారా, మధ్యలో పాడైతే ఎవరి బాధ్యత, ఇవి నాలుగూ ఉండాలి. ఈ కాగితం చేతిలో ఉంటే పాతరీలు గారి అనుమానంలో చాలా భాగం తీరిపోతుంది. మనమే తీసిన కాపీ నెట్‌లో పెట్టేస్తే మాత్రం ఆ కలెక్టర్ ఇంకో డబ్బా బయటికి తీయడు, తీయమని అడగడానికి మనకి మొహమూ ఉండదు.

పాతరీలు
కాగితం సంగతి ఒప్పుకుంటాను, క్యాసెట్ల విషయంలో టేపుతల గారిదీ నాదీ ఒకే మాట. ఫిల్మ్ దగ్గర నా పట్టు వదలను: 762 వచ్చి, అతుకులు సరిచేసి, రంధ్రాల మీద ఆధారపడని రోలర్ స్కానర్, వేడి లేని ఎల్‌ఈడీ లైటు అందుబాటులో ఉంటే, ఫిల్టర్లన్నీ ఆపి ఒక స్కాన్ తీశాకే పంపాలి. జాస్‌లో పోయింది రీళ్లు బయటికొచ్చేలోపే కదా.

ఫ్రేమ్25
అన్ని షరతులూ కుదిరితే సరే. నూటికి ఎంతమందికి కుదురుతాయో మీరే చెప్పండి. కుదరనివాళ్లు చేయదగ్గ పని ఉంది: డబ్బా మీది చీటీని నమ్మకుండా మొదటి ఇరవై అడుగులు లైటు పెట్టె మీద పరిచి టైటిల్, ఎపిసోడ్ నంబరు ఉన్న ఫ్రేముల్ని దగ్గర నుంచి ఫొటో తీయండి. చివరి అడుగులవీ తీయండి. రీలు ఉందనడానికి, ఏ స్థితిలో ఉందనడానికి అదే రుజువు. దారిలో మాయమైతే నిలదీయడానికీ పనికొస్తుంది.

కొత్తవాడిని
రెండు చిన్న సందేహాలు. డబ్బా తెరిస్తే వెనిగర్ వాసన వస్తోంది, పంపేదాకా గట్టిగా మూసి ఉంచాలా? పార్సిల్ ఎక్స్‌రే వల్ల ఏమైనా అవుతుందా?

ఫ్రేమ్25
గట్టిగా మూయొద్దు. ఎసిటేట్ కుళ్లేటప్పుడు వచ్చే ఆ ఆమ్లపు ఆవిరే లోపల చేరి కుళ్లు వేగం పెంచుతుంది. గాలి ఆడే చల్లటి చోట, మిగతా రీళ్లకి దూరంగా పెట్టండి. ఎ-డి స్ట్రిప్ (ఆమ్లం తగిలితే రంగు మారే కాగితం) దొరికితే ఆ పరీక్షకి మాత్రం మూసిన డబ్బాలో మామూలు గది వేడిలో 24 గంటలు ఉంచి రంగు చూడండి. నీలంగానే ఉంటే పర్లేదు, ఆకుపచ్చగా మారి 1.5 స్థాయి దాటితే అక్కడి నుంచి కుళ్లు దానంతటదే వేగం అందుకుంటుంది. ఆ స్థితిలో కాగితాల మీద నెలలు గడపకుండా పంపేయండి, ఆ సంఖ్య కూడా ఆర్కైవ్‌కి ముందే రాయండి. ఎక్స్‌రే వల్ల డెవలప్ అయిన ఫిల్మ్‌కి ఏమీ కాదు. రెండు ఎపిసోడ్లుంటే ఒకే పార్సిల్‌లో మాత్రం పెట్టకండి.