కల్యాణి రాగం కింద కార్డ్స్ (కలిపి మోగించే స్వరాల గుంపులు) ఎందుకు పొసగవు? (‘కిన్స్‌మెన్’ ఆల్బమ్, మన కన్యాకుమారి గారి వయొలిన్)

మూడులాంతర్లు: 2008లో వచ్చిన ఈ జాజ్ ఆల్బమ్ వినే ఉంటారు. అలాగే మా బృందంలో కల్యాణి వాయించే వయొలిన్ కింద కీబోర్డులో మేజర్ సెవెన్ (స-గ-ప-ని కలిపిన కార్డ్) పడితే వికటిస్తోంది. శ్రుతి సరిగానే ఉంది. లోపం ఎక్కడ గురూ?

గంటస్తంభం: గాంధారం(గ)లో. కాయితం మీద కల్యాణీ, పాశ్చాత్యుల లిడియన్ మోడూ (స్వరవరుస) ఒకే ఏడు స్వరాలు, ప్రతిమధ్యమంతో (పై మ) సహా. కానీ కల్యాణి గాంధారం ఊగుతుంది. కింద కీబోర్డు గాంధారం కదలకుండా మోగుతుంటే, సరిగా పలికే వయొలినే తప్పులా వినిపిస్తుంది. నిషాదం (ని) సంగతీ అంతే. ఆ రెండూ తీసేసి సా, పా మాత్రం పట్టండి. రంగు కావాలంటే వయొలిన్ ఆగిన చోట ప్రతిమధ్యమం ఒక్కసారి తాకిస్తే చాలు.

కోటగట్టు: తెలియనివాళ్ల కోసం: ఆల్టో సాక్సఫోన్లు రుద్రేష్ మహంతప్ప, కద్రి గోపాల్‌నాథ్, వయొలిన్ మన విజయనగరం ఆడపడుచు అవసరాల కన్యాకుమారి, మృదంగం పూవలూర్ శ్రీజి, గిటార్ రెజ్ అబ్బాసి, బేస్ కార్లో డి రోసా, డ్రమ్స్ రాయల్ హార్టిగన్. సాక్సఫోన్లు పోల్చుకోవాలా? పెదవి ఒత్తిడితో స్వరం నుంచి స్వరానికి జారితే కద్రి గారు. అంచులు పదునుగా, విడివిడిగా దూసుకెళ్తే చాలావరకు రుద్రేష్.

మూడులాంతర్లు: మా సాక్సఫోన్ అతను ‘సి’ అంటాడు. తంబూరా యాప్ ఒకటి శ్రుతికి (అంటే ‘సి’కి) పెడితే కలవట్లేదు.

కోటగట్టు: ఎలా కలుస్తుంది బావూ! ఆల్టో ఈ-ఫ్లాట్ వాద్యం, దాని మీద ‘సి’ ఊదితే ఈ-ఫ్లాట్ మోగుతుంది. అతని ‘సి’ మన రెండున్నర శ్రుతి. యాప్ రెండున్నరకు పెట్టి, వయొలిన్ స-ప-స-ప దానికే కట్టండి. మామూలు తీగలు అంత దించితే వదులై బుస్సుమంటాయి, మందం తీగలు వేయాలి.

గంటస్తంభం: ఇంతకంటే పెద్ద చిక్కు లయలో ఉంది. స్వింగ్‌కి (జాజ్ ఊపు నడకకి) దెబ్బను మూడు చేసి మొదటిదీ, మూడోదీ కొడతారు. ‘తకిట’లో ‘కి’ మింగేసినట్టు. మృదంగం చతురస్రంలో (దెబ్బకు నాలుగు) నడిస్తే నాలుగో అక్షరం ముప్పావు దగ్గర పడుతుంది, స్వింగ్‌ది మూడింట రెండు దగ్గర. తేడా దెబ్బలో పన్నెండో వంతే, కానీ ఇద్దరూ తడబడ్డట్టే ఉంటుంది. మృదంగం తిస్రంలోకి (దెబ్బకు మూడు) రావాలి, లేదా డ్రమ్మర్ స్వింగ్ నడిపించే రైడ్ సింబల్ ఆపాలి. మెట్రోనోమ్ 60కి పెట్టి ముందు నోటితో చెప్పుకోండి.

మూడులాంతర్లు: హై-హ్యాట్ (కాలితో మూసే జంట సింబల్స్) కూడా ఆపాలా?

గంటస్తంభం: అక్కర్లేదు. 2, 4 దెబ్బల మీద ఉంచండి, అది నేరుగా దెబ్బ మీదే పడుతుంది.