అప్‌డేట్: కొత్త ఎయిర్ ఇన్‌టేక్ బిగించాక వచ్చిన పి0171, పి0113 కోడ్‌ల సమస్య తీరింది

ఇంజన్‌లోకి గాలిని తీసుకెళ్లే, కోన్ ఫిల్టర్ ఉన్న ఇన్‌టేక్ గొట్టాన్ని విడిగా కొని నా పెట్రోల్ కారుకు స్వయంగా బిగించిన మరునాడే చెక్ ఇంజన్ దీపం వెలిగిందని, స్కానర్‌లో పి0171, పి0113 కోడ్‌లు కనిపించాయని ఇంతకుముందు అడిగాను. సలహాలిచ్చిన వారందరికీ కృతజ్ఞతలు.

పి0113 సంగతి చెప్పుకోవడానికే సిగ్గుగా ఉంది. గాలి ఉష్ణోగ్రత సెన్సర్ ప్లగ్‌ను నేను సగమే దూర్చాను. టిక్కుమనేదాకా నొక్కి కోడ్ చెరిపేశాక అది మళ్లీ రాలేదు.

గాలికి తగినంత పెట్రోల్ కలవడం లేదని సూచించే పి0171 విషయంలో, ఫ్యూయల్ ట్రిమ్ (కారు కంప్యూటర్ పెట్రోల్‌ను ఎంత శాతం పెంచి లేదా తగ్గించి సరిచేస్తోందో చూపే అంకె) చూడమన్న సలహాయే దారి చూపింది. లాంగ్ టర్మ్ ట్రిమ్, అంటే కొంతకాలంగా స్థిరపడిన సవరణ, ఐడిలింగ్‌లో (బండి ఆగి ఇంజన్ ఊరికే తిరుగుతున్నప్పుడు) +21 శాతం ఉండి, 2,500 ఆర్‌పీఎం వద్ద +6కు దిగింది. ఇలా దిగుతోందంటే, లోపలికి వెళ్లే గాలిని కొలిచే ఎయిర్‌ఫ్లో సెన్సర్ లెక్కకు అందని గాలి ఎక్కడి నుంచో చొరబడుతుండవచ్చని చెప్పి, మెకానిక్ గొట్టాల్లోకి పొగ పంపి లీకు ఎక్కడుందో చూసే పొగ పరీక్ష చేశారు. కొత్త గొట్టం అడుగున, వాల్వ్ కవర్ (ఇంజన్ పైమూత) నుంచి వచ్చే బ్రీదర్ పైపు కలిసే చోట పొగ సన్నని దారంలా పైకి లేచింది. కిట్‌లో వచ్చిన అడాప్టర్ సైజు సరిపోనందున, క్లిప్ బిగించినా పైపు వదులుగానే ఉండిపోయింది. సరైన అడాప్టర్ వేశాక ట్రిమ్ +3కు వచ్చింది. 600 కిలోమీటర్లు తిరిగినా దీపం వెలగలేదు.

తొందరపడి ఆక్సిజన్ సెన్సర్ మార్పించడం మాత్రం దండగ ఖర్చే అయింది. ఫిల్టర్‌కు పూసే నూనె ఎయిర్‌ఫ్లో సెన్సర్ తీగకు అంటిందేమోనన్న అనుమానం సబబైనదే గానీ, విప్పి చూస్తే తీగ శుభ్రంగానే ఉంది. పాత ఎయిర్ బాక్స్‌ను (ముందున్న ఫిల్టర్ పెట్టెను) మాత్రం పారేయకుండా అటక మీద దాచాను.