సూర్యలంక నుంచి వచ్చినంక గాలం రీలు గరగరమంటుంది, ఎట్ల శుభ్రం చేయాలె?

ప్రశ్న (ఉప్పల్ నుంచి)

అందరికీ నమస్తే. ఇన్నేండ్లు చెరువులల్లనే గాలం వేసిన. పోయిన వారం దోస్తులతోని మొదటిసారి బాపట్ల దగ్గర సూర్యలంకకు పోయి, రెండు రోజులు ఒడ్డు మీదికెల్లి వేసినం. ఆదివారం రాత్రి బయల్దేరి తెల్లారేసరికి ఇంటికొచ్చినం. ఆఫీసు పనిల పడి సామాను సంచిలనే ఉండిపోయింది. గురువారం తీసి చూస్తే స్పిన్నింగ్ రీలు హ్యాండిల్ తిప్పుతుంటే ఇసుక నలిగినట్టు గరగర. లైన్ రోలర్ (లైను, అంటే గాలం దారం, రీలు మీదికి మలిగే కాడ ఉండే చిన్న చక్రం) అసలే తిరుగుతలేదు. రాడ్డు గైడ్ల (లైను దూరిపోయే రింగుల) కాళ్ల దగ్గర తెల్లటి పొడి. బండ్లు కడిగే షాపుల ప్రెషర్ గన్నుతోని కొట్టిద్దామా, రాత్రంత బకెట్ నీళ్లల్ల నానబెట్టాల్నా? మా నాయన కొనిచ్చిన రీలు, పాడుచేసుకోవద్దని ఉంది.

జవాబు (కూకట్‌పల్లి నుంచి)

తమ్ముడూ, ఆ రెండూ వద్దు. ప్రెషర్ నీళ్లు పైనున్న ఉప్పునీ ఇసుకనీ తోసుకుంటూ బేరింగుల్లోకి తీసుకుపోతాయి. నానబెడితే లోపలికి చేరిన నీరు గ్రీజు కింద ఉండిపోతుంది, త్వరగా ఆరదు.

మాది బాపట్ల వైపే. అక్కడివాళ్లు వేట అయిన పావుగంటలో ఇంటికెళ్లి కడిగేసుకుంటారు. హైదరాబాద్ వాళ్లకి మధ్యలో ఆరేడు గంటల ప్రయాణం ఉంది, అసలు నష్టం అక్కడే మొదలవుతుంది. సముద్రపు నీటిలో లీటరుకి సుమారు 35 గ్రాముల ఉప్పు ఉంటుంది. నీరు ఆరినా ఉప్పు పోదు, గాలిలో తేమను లాక్కుంటూ మళ్లీ చెమ్మగిల్లుతుంది. అల్యూమినియం మీద ఉండే సన్నటి రక్షణ పొరను అది తినేస్తుంది. స్టీలు స్క్రూ అల్యూమినియం బాడీలో బిగించిన చోట ఉప్పునీరు చేరితే, ఆ రెండు లోహాలూ కలిసి చిన్న బ్యాటరీలా పనిచేసి అల్యూమినియం కరుగుతుంది. కొన్నాళ్లకి ఆ స్క్రూ కదలదు, బలవంతం చేస్తే తల అరిగిపోతుంది. అందుకే ఈసారి వెళ్లేటప్పుడు కారులో ఐదు లీటర్ల మంచినీళ్ల క్యాను, మొక్కలకి కొట్టే స్ప్రే బాటిల్ పెట్టుకో. ఒడ్డునే కడిగి, తుడిచి, అప్పుడే సంచిలో పెట్టు. ఇంటికొచ్చాక ఇంకోసారి కడగాలి, కానీ ఆ మొదటి కడుగు లేకపోతే తర్వాత ఎంత చేసినా సగమే.

ఇప్పటి సంగతికొస్తే, ముందు డ్రాగ్ నాబ్ (చేప లాగినప్పుడు లైను ఎంత బిగువుగా వదలాలో సరిచేసే మర) గట్టిగా బిగించు. లోపల డ్రాగ్ వాషర్లు ఉంటాయి, వాటికి తడి తగలకూడదు. కుళాయి సన్నటి ధారగా వదిలి రీలుని తిప్పుతూ కడుగు. వేడినీళ్లు అక్కర్లేదు. ఉప్పు చల్లటి నీళ్లలోనూ దాదాపు అంతే కరుగుతుంది, వేడికి కరిగిపోయేది గ్రీజే. పాత పంచె గుడ్డతో తుడిచి, నీడలో ఆరబెట్టి, పూర్తిగా ఆరాక డ్రాగ్ వదులు చెయ్యి. బిగించే ఉంచితే వాషర్లు అణిగిపోయి, చేప లాగినప్పుడు లైను కుదుపులతో వెళ్తుంది.

లైన్ రోలర్ మీద ఎక్కువ శ్రద్ధ పెట్టు. తడి లైను మోసుకొచ్చే ఉప్పంతా ముందు దాని మీదే పడుతుంది. అది తిరగకపోతే లైను ఒకేచోట రాసుకుని తెగుతుంది. దాన్ని పట్టి ఉంచే స్క్రూ విప్పేముందే తెల్లగుడ్డ పరుచుకో, ఒక్కో ముక్క తీసినప్పుడల్లా ఫోనులో ఫొటో తీసుకో. వాషర్లు తారుమారైతే రోలర్ మళ్లీ పట్టేస్తుంది. బేరింగుని శుభ్రం చేసి కుట్టుమిషన్ నూనె ఒక్క చుక్క వెయ్యి. అయినా తిరగకపోతే లోపలి వ్యాసం, బయటి వ్యాసం, మందం వెర్నియర్‌తో మిల్లీమీటర్లలో కొలుచుకుని రాణీగంజ్ బేరింగ్ షాపుల్లో అడుగు. స్టెయిన్‌లెస్‌దే కావాలని చెప్పు, మామూలుది ఉప్పుకి ఆగదు.

గరగర గేర్లదైతే పక్క మూత విప్పాలి. పాత గ్రీజు తుడిచేసి మెరైన్ గ్రీజు పళ్లకి పల్చగా రాయాలి. హ్యాండిల్ వెనక్కి తిరగకుండా ఆపే వన్‌వే బేరింగుకి మాత్రం గ్రీజు తగలనివ్వకు. లోపలి రోలర్లు జారిపోయి, సరిగ్గా చేప పడినప్పుడే హ్యాండిల్ వెనక్కి తిరుగుతుంది.

జవాబు (సైనిక్‌పురి నుంచి)

అన్న చెప్పినవాటికి తోడు ఇంకొన్ని. ఇంట్లో ఉందని కొబ్బరినూనె వేయకండి. 24 డిగ్రీల దగ్గరే గడ్డకడుతుంది, మన జనవరి చలికి సీసాలో ఎలా ఉంటుందో రీల్లోనూ అంతే. తుప్పుకి కొట్టే డబ్ల్యూడీ-40 తడిని తరిమేస్తుంది కానీ గ్రీజుని కూడా కడిగేస్తుంది, దాన్ని కందెనగా లెక్కేయొద్దు.

మా వైపు బోరునీళ్లు. ఆరితే తెల్లటి మరకలు వస్తాయి, మొదట్లో అవీ ఉప్పేననుకుని కంగారుపడ్డాను. అందుకే చివరగా ఆర్వో నీళ్లలో తడిపిన గుడ్డతో తుడుస్తాను. రాడ్డు మీది తెల్లపొడి తడిగుడ్డకి వచ్చేస్తే దిగులు లేదు. గైడ్ కాళ్ల దగ్గర గోధుమరంగు గీత కనిపించినా, దారం చుట్టిన చోట పూత పగిలినా రిపేరు చూసుకోవాలి. రీలు బిగించే మరలని పాత టూత్‌బ్రష్‌తో తోమండి. గైడ్ రింగుల్లో దూది తిప్పి చూడండి, ఎక్కడైనా పోగు చిక్కితే అక్కడ పగులు ఉన్నట్టే. బ్రెయిడ్ లైను (పోగులతో అల్లిన లైను) ఉప్పునీటిని పట్టి ఉంచుతుంది, స్పూల్ (లైను చుట్టుకునే భాగం) విడదీసి విడిగా కడగాలి.

ప్రశ్న (ఉప్పల్ నుంచి)

అన్నా, చాలా థాంక్స్. గైడ్ల మీది పొడి తుడిస్తే పోయింది. రోలర్ బేరింగ్ తుప్పు పట్టి గట్టిగైంది, రాణీగంజ్‌ల కొత్తది దొరికింది, ఇప్పుడు మంచిగ తిరుగుతుంది. రీలు చప్పుడు తగ్గింది గని, హ్యాండిల్ ఒక చుట్టు తిప్పితే ఒక్కకాడ తగులుతుంది.

జవాబు (కూకట్‌పల్లి నుంచి)

చుట్టంతా గరుకుగా ఉంటే బేరింగుని అనుమానించాలి. ప్రతి చుట్టులో ఒక్కచోటే తగులుతోందంటే పెద్ద గేరు పళ్ల మధ్య ఇసుక రేణువో, ఉప్పు గడ్డో ఇరుక్కుని ఉండొచ్చు. మూత తీసి ఒక్కో పన్నూ టూత్‌పిక్‌తో గీకి చూడు. పంటి మీద గుంట కనబడితే గేరు మార్చాల్సిందే. అన్నట్టు ఆ ట్రిప్పులో వాడిన ఎరలు పెట్టెలోనే ఉన్నాయా? వాటినీ ఈరోజే తీసి కడుగు. తడి ఎర ఒక్కటున్నా పెట్టెలో ఉన్న కొక్కేలన్నిటికీ తుప్పు పడుతుంది.