పానగల్ గుడిలో కదలని నీడ: కాంతి అల వంగడం వల్లేనా?

పానగల్ వాసి:
నల్గొండ పక్కన మా పానగల్‌లోని ఛాయా సోమేశ్వరాలయం చూసినవాళ్లకు తెలుసు. గర్భగుడిలో లింగం వెనక గోడ మీద స్తంభం నీడ నిలువుగా పడుతుంది. సూర్యుడు తూర్పు నుంచి పడమరకు పోయినా ఆ నీడ పొద్దంతా అక్కడే ఉంటుంది. చిన్నప్పటి నుంచి చూస్తున్నా కానీ, పోయిన ఆదివారమే మొదటిసారి దాని అంచును గమనించాను. గీత గీసినట్టు లేదు. చీకటి మెల్లగా పలచబడి వెలుతురులో కలిసిపోతోంది, అరచేయి వెడల్పు మేర. అక్కడి నుంచి ఉదయసముద్రం చెరువు కట్ట మీదికి పోయి కూర్చున్నా. నీళ్లలో అలలు రాయిని చుట్టుకొని వెనక మళ్లీ కలుస్తున్నాయి. కాంతి కూడా అలే కదా, స్తంభాన్ని అలాగే చుట్టుకొని వంగుతోందా? రెండు రోజులుగా ఇదే ఆలోచన. తెలిసినవాళ్లు చెప్పండి.

దేవరకొండ ఫిజిక్స్ సార్:
ఆలోచన బాగుంది, కానీ లెక్క ఒప్పుకోవడం లేదు. మన కంటికి కనిపించే కాంతి తరంగదైర్ఘ్యం, అంటే ఒక అల శిఖరం నుంచి పక్క శిఖరానికి దూరం, సుమారుగా మిల్లీమీటరును రెండు వేల భాగాలు చేస్తే ఒక భాగమంత ఉంటుంది. స్తంభం నుంచి గోడ 3 మీటర్లు అనుకుందాం. తరంగదైర్ఘ్యాన్ని ఆ దూరంతో గుణించి వర్గమూలం తీస్తే, వంగడం వల్ల అంచు ఎంత చెదురుతుందో సుమారుగా తెలుస్తుంది. అది ఒక మిల్లీమీటరుకు కాస్త పైన. మీరు చూసింది అరచేయంత. కాబట్టి కారణం వేరే. లోపలికి నేరుగా ఎండ రాదు. ఆకాశం నుంచి, బయటి నేల నుంచి చెదిరిన వెలుతురు స్తంభాల సందుల్లోంచి వస్తుంది. అది పొద్దంతా అవే సందుల్లోంచి వస్తుంది కాబట్టి నీడ కదలదు. ఒక్క చోటు నుంచి కాకుండా వెడల్పుగా వస్తుంది కాబట్టి అంచు కూడా మెత్తగానే ఉంటుంది. ఆ లెక్క వేసి కట్టిన శిల్పులకు దండం పెట్టాలి.

కొల్లాపూర్ బీఎస్సీ:
సార్, వంగడం కళ్లతో చూడాలంటే సన్నటి వస్తువు కావాలి. జాతరలో కొన్న ఎర్ర లేజర్ లైట్ ముందు నా వెంట్రుక ఒకటి టేపుతో అంటించాను. రాత్రి లైట్లు ఆర్పి 3 మీటర్ల దూరంలో గోడ మీద వేస్తే, వెంట్రుక నీడ ఉండాల్సిన చోట మధ్యలో వెలుగు, అటూ ఇటూ చుక్కలు చుక్కలుగా చారలు! ఒక చీకటి నుంచి పక్క చీకటికి 2.6 సెంటీమీటర్లు. లేజర్ తరంగదైర్ఘ్యం 650 నానోమీటర్లను (నానోమీటరు అంటే మిల్లీమీటరులో పది లక్షలో వంతు) 3 మీటర్లతో గుణించి 2.6 సెంటీమీటర్లతో భాగిస్తే వెంట్రుక మందం 75 మైక్రాన్లు, అంటే 0.075 మిల్లీమీటర్లు వచ్చింది. మా అమ్మను పిలిచి చూపించాను. పిల్లలతో చేయిస్తే లేజర్ కళ్లలో పడకుండా చూడండి.

జడ్చర్ల తమ్ముడు:
నాకొక ఊహ ఉంది. కాంతి అల కూడా, రేణువు కూడా అంటారు. ఎలక్ట్రాన్ కూడా అంతే అంటారు. అంటే పదార్థమంతా గడ్డకట్టిన కాంతే కదా? రాయీ, మనమూ అన్నీ?

దేవరకొండ ఫిజిక్స్ సార్:
తమ్మీ, సగం దాకా నీ వెంట వస్తాను. 1924లో ఫ్రెంచ్ శాస్త్రవేత్త డి బ్రోలీ పదార్థానికీ అల ఉంటుందన్నాడు. 1927లో అమెరికా శాస్త్రవేత్తలు డేవిసన్, జర్మర్ 54 వోల్టుల ఎలక్ట్రాన్లను నికెల్ స్ఫటికం మీద వేస్తే, ఎక్స్ కిరణాల మాదిరే కొన్ని దిక్కుల్లో ఎక్కువగా వెనక్కి వచ్చాయి. వాటి తరంగదైర్ఘ్యం 0.167 నానోమీటర్లు, దాదాపు పరమాణువుల ఎడమంత. అందుకే తేలింది. అదే 5 గ్రాముల గోలీని సెకనుకు మీటరు చొప్పున దొర్లిస్తే దాని అల 10⁻³¹ మీటర్ల స్థాయిలో ఉంటుంది. పరమాణు కేంద్రకమే 10⁻¹⁵ మీటర్లు. ఆ అలను చూపించగల సందు ఎక్కడా దొరకదు.

మిగతా సగం దగ్గర ఆగుతాను. 1.022 మిలియన్ ఎలక్ట్రాన్ వోల్టుల శక్తి దాటిన గామా కిరణం (ఇదీ ఒక రకం కాంతే), కేంద్రకం పక్కన ఎలక్ట్రాన్, పాజిట్రాన్ (ఎలక్ట్రాన్ లాంటిదే, ఆవేశం మాత్రం ధనం) జంటగా మారగలదు, నిజమే. కానీ ఎలక్ట్రాన్‌కు ఆవేశం ఉంది, కాంతికి లేదు. స్పిన్ అని రేణువుకు సహజంగా ఉండే, తిరగడం లాంటి గుణం ఒకటుంది; ఎలక్ట్రాన్ స్పిన్ సగం, కాంతి రేణువైన ఫోటాన్‌ది ఒకటి. ఒకటి మరొకటిగా మారినంత మాత్రాన రెండూ ఒకే సరుకు అనలేం.

జడ్చర్ల తమ్ముడు:
స్పిన్ సంగతి నేను ఆలోచించలేదు సార్. చదువుతాను. మరి రేణువులు ఒక్కొక్కటిగా పోతే చారలు ఎట్లా వస్తాయి? ఒకదాన్నొకటి తాకేదే లేదు కదా?

కొల్లాపూర్ బీఎస్సీ:
1909లో ఇంగ్లండ్ శాస్త్రవేత్త జి.ఐ. టేలర్ ఇదే పరీక్షించాడు. గ్యాస్ దీపం వెలుతురును మసి పట్టిన గాజుపలకలతో, దాదాపు ఒక్కో రేణువే పోయేంతగా తగ్గించి, సూది నీడను ఫోటో ప్లేటు మీద పట్టాడు. అన్నిటికన్నా మసక వెలుతురులో దాదాపు 3 నెలలు పట్టింది. చారలు మాత్రం ఎప్పటిలాగే స్పష్టంగా వచ్చాయి. ఎట్లా అన్నది నన్నూ నిద్రపోనివ్వడం లేదు.

పానగల్ వాసి:
చెదిరిన వెలుతురు గురించి సార్ చెప్పింది నిజమో కాదో ఇంట్లో చేసి చూశాను. అట్టపెట్టె ఒక వైపు తెరిచి, నడుమ టార్చి సెల్లులు ఒకదాని మీద ఒకటి స్తంభంలా నిలబెట్టి, ఎండ పడని వరండాలో పెట్టాను. ఉదయం పదింటికి వెనక అట్ట మీద నీడ అంచుల దగ్గర పెన్సిలుతో గుర్తు పెట్టాను. సాయంత్రం నాలుగింటికి కూడా నీడ ఆ గుర్తుల మధ్యనే ఉంది. అంచు ఇక్కడా మెత్తగానే ఉంది. రేపు వరండాలోంచి తీసి ఎండలో పెట్టి చూస్తాను.